రీఫ్ ట్యాంకుకి బీచ్ ఇసుక వద్దు, నలభై కిలోలూ వద్దు

ప్రశ్న: నమస్తే అండీ. మాది విశాఖపట్నం. పదేళ్లుగా మంచినీళ్ల చేపలు పెంచుతున్నాను. ఈ ఏడాది ధైర్యం చేసి రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీళ్ల ట్యాంకు కోసం మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున గాజు తొట్టి చేయించాను. రెండు క్లౌన్ చేపలు, కొన్ని మెత్తటి పగడాలు, కుదిరితే ఇసుకలో దూరి పడుకునే పసుపు రంగు రాస్ చేప ఒకటి, ఇదీ నా ఆశ. రాళ్లు, లైటు, నీళ్లలోని మురికిని నురగతో లాగేసే స్కిమ్మర్ కొనేసరికి చేతిలో డబ్బు అయిపోవచ్చింది. ఇసుక కోసం వెళ్తే షాపులో లైవ్ సాండ్ నలభై కిలోలు వేయాలన్నారు. పది కిలోల బ్యాగు నాలుగు వేలు. అంటే ఇసుకకే పదహారు వేలు! మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. మా బావమరిది "ఎదురుగా సముద్రం పెట్టుకుని ఇసుక కొనడమేంటి బావా" అని నవ్వి, బీచ్ నుంచి రెండు బకెట్లు తెచ్చి బాల్కనీలో పెట్టేశాడు. గుప్పెడు ఇసుక మీద వెనిగర్ పోసి చూపించాడు కూడా, నురగ వచ్చింది. ఇల్లు కట్టిస్తున్న స్నేహితుడేమో రోబో శాండ్ ఎంత కావాలంటే అంత పట్టుకెళ్లమంటున్నాడు. స్విమ్మింగ్ పూల్ ఫిల్టర్లలో వేసే తెల్ల ఇసుక చాలా చవక అని ఇంకొకరు చెప్పారు. ఏం చేయమంటారు? బకెట్లు ఇంకా బాల్కనీలోనే ఉన్నాయి.

ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: పదహారు వేల సంగతి మీ ఆవిడకి చెప్పకండి. ఆ అవసరం రాదు.

ముందు ఆ నలభై కిలోల లెక్క చూద్దాం. మీ ట్యాంకు అడుగు భాగం సెంటీమీటర్లలో 91 బై 46. అందులో అంగుళం మందాన ఇసుక పరిస్తే పదిన్నర లీటర్లు పడుతుంది. పొడి పగడపు ఇసుక లీటరు సుమారు కిలోన్నర తూగుతుంది. అంటే అంగుళానికి పదహారు కిలోలు. నలభై కిలోలు పోస్తే రెండున్నర అంగుళాలవుతుంది. ఇది రెంటికీ చెడ్డ రేవడి. అంగుళం మందం ఇసుక అయితే నీళ్లు మార్చే రోజున సైఫన్ పైపుతో కెలికి శుభ్రం చేసుకోవచ్చు. లేదా పాత పద్ధతిలో నాలుగు నుంచి ఆరు అంగుళాలు సన్న ఇసుక పోసి, దాన్ని కదపకుండా వదిలేస్తే అడుగు పొరల్లో ఆక్సిజన్ లేని చోట పెరిగే బాక్టీరియా, చేపల మలం నుంచి తయారయ్యే నైట్రేట్‌ని నైట్రోజన్ వాయువుగా మార్చేస్తుంది. రెండింటికీ ఒక లెక్క ఉంది. మధ్యలో రెండున్నర అంగుళాలు పోస్తే అటు శుభ్రం చేయడమూ కష్టమే, ఇటు నైట్రేట్ తగ్గేదీ అంతంతమాత్రమే. చేపల మలం, మిగిలిపోయిన మేత కింద చేరి మగ్గుతాయి. ఏ రెండేళ్లకో ఆ ఇసుకను కదిపితే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్. ఎక్కువ మోతాదులో నీళ్లలో కలిస్తే చేపలు బతకవు.

నాలుగంగుళాల ఇసుక మీకు అక్కర్లేదు. స్కిమ్మర్ ఉంది, రాళ్లున్నాయి, నైట్రేట్ పని వాటికి వదిలేయండి. అంగుళం, అంగుళంపావు చాలు. పైగా అడుగున కొంత చోటు రాళ్లే ఆక్రమిస్తాయి కాబట్టి ఇరవై కిలోలు కొంటే మిగులుతుంది కూడా. అలా సగం ఖర్చు ఇక్కడే తగ్గిపోయింది.

మిగతా సగంలో ఎక్కువ భాగం 'లైవ్' అనే మాటకు కడుతున్నారు. ఆ బ్యాగుల్లో తడి ఇసుక, కాస్త నీళ్లు, బాక్టీరియా ఉంటాయి. ఓడెక్కి, గోడౌన్లో కూర్చుని, మే నెల ఎండలో లారీ ప్రయాణం చేసి మీ చేతికొచ్చేసరికి ఆ బాక్టీరియాలో ఎంత మిగిలిందో బ్యాగు చూసి చెప్పలేం. మిగిలినా అదేమీ దొరకని వస్తువు కాదు. పాలు తోడు పెట్టడానికి పక్కింటికి వెళ్లి గరిటెడు పెరుగు తెచ్చుకున్నట్టే, బాగా నడుస్తున్న రీఫ్ ట్యాంకు ఉన్నవాళ్లింటికి వెళ్లి ఒక కప్పు ఇసుక, చిన్న రాతి ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి. వాటితో పొడి ఇసుక కొన్ని వారాల్లో లైవ్ అయిపోతుంది. చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి వచ్చేదాకా ఎలాగూ నాలుగైదు వారాలు ఆగాలి. లైవ్ సాండ్ కొన్నంత మాత్రాన మర్నాడే చేపలు వేసే అవకాశమేమీ రాదు. తెచ్చే కప్పు మాత్రం జబ్బులు లేని ట్యాంకు నుంచే తెచ్చుకోండి. దానితో పాటు పగడాలను కుట్టి ట్యాంకంతా పాకిపోయే గాజు అనెమోన్లు కూడా ఇంటికొచ్చేస్తుంటాయి, ఆ ఇంటి ట్యాంకులో అవి కనిపిస్తే మర్యాదగా టీ తాగి వచ్చేయండి.

ఇక మీ బావమరిది బకెట్ల దగ్గరికి వద్దాం. ఆయన్ని తప్పు పట్టలేను. నేనూ సరిగ్గా ఆ పనే చేశాను.

నా మొదటి ఉప్పునీళ్ల ట్యాంకుకి భీమిలి నుంచి ఇసుక తెచ్చాను. బియ్యం కడిగినట్టు కడిగి, ఎండబెట్టి, మళ్లీ కడిగి వేశాను. లైటు కింద మెరుస్తుంటే చూడ్డానికి ఎంత బాగుండేదో! రెండో నెలలో అద్దానికి నాచు పట్టింది. లోపలొకటి, బయటొకటి అతుక్కుని ఉండే అయస్కాంతం స్క్రబ్బర్‌తో తుడుస్తున్నాను. కింద ఇసుక దగ్గరికి వచ్చేసరికి 'కిర్రు'మని చిన్న శబ్దం. పట్టించుకోకుండా పైదాకా లాగేశాను. మర్నాడు నీళ్లలోంచి స్క్రబ్బర్ బయటికి తీస్తే దాని అంచుకి నల్లటి గడ్డంలా ఇసుక రేణువులు నిలబడి ఉన్నాయి. అద్దం మీద కింది నుంచి పైదాకా విల్లులా వంగిన గీత. గోరుతో తడిమితే తగిలేంత లోతు. ఆ ట్యాంకులో ఇప్పుడు గప్పీలున్నాయి, గీత మాత్రం అలాగే ఉంది.

ఆ నల్ల రేణువులు ఏమిటో తర్వాత తెలిసింది. విశాఖ తీరంలో అల వెనక్కి వెళ్లాక తడి ఇసుక మీద నల్లటి చారలు, అక్కడక్కడా గులాబీ రంగు చారలు చూసే ఉంటారు. అవి మన కొండల్లోంచి వచ్చినవే. తూర్పు కనుమల్లో ఈ ప్రాంతమంతా ఖోండలైట్ అనే రాయి ఎక్కువ. అది ఎండకీ వానకీ అరిగి, వాగుల్లో కొట్టుకొచ్చి, అలల్లో జల్లెడపడి తీరానికి చేరుతుంది. తెల్లగా కనిపించేది క్వార్ట్జ్, గులాబీ చార గార్నెట్, నల్ల చారలో ఎక్కువగా ఇల్మనైట్. ఇల్మనైట్ అంటే ఇనుము, టైటానియం కలిసిన ఖనిజం. బలమైన అయస్కాంతం దాన్ని లాగేస్తుంది. వీటి మధ్య అక్కడక్కడా జిర్కాన్, థోరియం ఉండే మోనజైట్ కూడా ఉంటాయి. మన బీచ్ ఇసుక ఖనిజాల గురించి పేపర్లలో అన్ని వార్తలు వచ్చేది ఇందుకే. అరకిలో ఇసుక ఇంట్లో ఉంటే ప్రమాదమని నేననడం లేదు. ఇది పగడాల తొట్టికి పుట్టిన ఇసుక కాదు, అంతే.

మరి వెనిగర్ పోస్తే నురగ ఎందుకొచ్చింది? మీ బావమరిది పరీక్ష సరైనదే, మధ్యలో ఆపేశాడు. ఒకటి రెండు చెంచాల ఇసుక గాజు గ్లాసులో పోసి, మునిగేలా వెనిగర్ పోయండి. నురగ ఆగాక ఆ వెనిగర్ వంపేసి కొత్తది పోయండి. అలా ఒకటి రెండు రోజులు, ఇక బుడగ రానంత వరకూ. బీచ్ ఇసుకలో గవ్వల ముక్కలు, ఆల్చిప్పల పొడి కలిసి ఉంటాయి. నురగ వచ్చింది వాటిలోని కాల్షియం కార్బనేట్ నుంచే. అవి కరిగిపోయాక గ్లాసు అడుగున దాదాపు మొదట పోసినంత ఇసుక అలాగే మిగిలి ఉంటుంది. దాన్ని కడిగి, ఆరబెట్టి, తెల్ల కాగితం మీద పరిచి, కాగితం కింద అయస్కాంతం జరపండి. నల్ల రేణువులు చీమల బారులా దాని వెంట నడుస్తాయి. ఇంట్లో పిల్లలుంటే వాళ్లని పిలిచి మరీ చూపించండి. అసలైన పగడపు ఇసుక దాదాపు అంతా అదే పదార్థం కాబట్టి వెనిగర్ మారుస్తున్నకొద్దీ కరిగిపోతూనే ఉంటుంది, చివరికి మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. ఇంట్లో చేసుకోదగ్గ పరీక్షల్లో ఇంతకంటే నమ్మకమైనది లేదు. తమలపాకుల్లోకి వాడే గుల్ల సున్నం కూడా ఇదే గవ్వలు కాల్చి చేసేదే కదా, కథ అంతా కాల్షియం దగ్గరే తిరుగుతుంది.

బీచ్ ఇసుకతో ఇంకో టెన్షన్ కూడా ఉంది. ఊళ్లోని గెడ్డలు వచ్చి కలిసేది ఆ సముద్రంలోనే. ఆ ఇసుకలో ఏ నూనె ఉందో, ఏ లోహం ఉందో కడిగితే తెలియదు. చేపలు తట్టుకునే రాగి మోతాదుకే రొయ్యలు, నత్తలు చచ్చిపోతాయి. పైగా తీరప్రాంత నియంత్రణ నిబంధనల ప్రకారం తీరం నుంచి ఇసుక తవ్వి తీసుకెళ్లడం నిషేధం. రెండు బకెట్లకు ఎవరూ జైల్లో వేయరు గానీ, బండికెత్తుకునే ఆలోచన పెట్టుకోకండి.

రోబో శాండ్ గురించి రెండు మాటలు చాలు. అది గ్రానైట్‌ని క్రషర్లో పిండి కొట్టినది. ప్రతి రేణువుకీ పదునైన మూలలుంటాయి, ఎంత కడిగినా బూడిద రంగు పొడి వస్తూనే ఉంటుంది. ఇసుకలో తల దూర్చే చేప పొట్ట గీసుకుపోతుంది. దాన్ని స్లాబుకే వాడుకోమనండి. గోదావరి ఇసుక కూడా అంతే, గోడలకు బంగారం, రీఫ్‌కి కాదు.

పూల్ ఫిల్టర్ ఇసుక మాత్రం అలా కొట్టిపారేయాల్సింది కాదు. అది సిలికా. గూడూరు దగ్గర చిల్లకూరు, కోట మండలాల్లో దొరికే తెల్ల ఇసుక ఇదే, గాజు ఫ్యాక్టరీలకు వెళ్లేది. వాటర్ ట్రీట్‌మెంట్ సామాన్లు అమ్మే షాపుల్లో ఈ సిలికానే సైజుల వారీగా జల్లించి, కడిగి, సంచుల్లో అమ్ముతారు. ధర విన్నాక మళ్లీ అడుగుతారు, అంత చవక. "సిలికా వేస్తే అద్దమంతా గోధుమ రంగు నాచు పట్టేస్తుంది" అని మీకు చాలామంది చెబుతారు. అది పెద్దగా నిజం కాదు. క్వార్ట్జ్ సముద్రపు నీళ్లలో కరగడమంటే దాదాపు లేనట్టే. గోధుమ రంగు నాచు, అంటే డయాటమ్‌లు, ఏ ఇసుక వేసినా కొత్త ట్యాంకులో మొదటి వారాల్లో వస్తాయి. వాటికి కావలసిన సిలికేట్ ఎక్కువగా మీరు పోసే నీళ్లలోంచి వస్తుంది. బోరు నీళ్లు పోసి ఇసుకని తిట్టడం అన్యాయం. ఆర్‌వో తర్వాత, మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ రెసిన్ కూడా దాటించి, నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటర్ సున్నా చూపించే నీళ్లు వాడండి. ఇంట్లో తాగే ఆర్‌వో మెషీన్ నీళ్లు ఇందుకు సరిపోవు.

అయినా సిలికాని నేను రెండో స్థానంలోనే పెడతాను. కారణం మళ్లీ అద్దమే. గట్టితనాన్ని ఒకటి నుంచి పది వరకు కొలిచే మోస్ స్కేలు మీద గాజు దాదాపు ఐదున్నర. క్వార్ట్జ్ ఏడు. గార్నెట్ కూడా ఏడుకి అటూ ఇటూ. పగడపు ఇసుకలో ఉండే అరగోనైట్ మూడున్నర, నాలుగు. అంటే స్క్రబ్బర్ కింద సిలికా రేణువు ఒక్కటి ఇరుక్కున్నా అద్దం గీసుకుంటుంది. అరగోనైట్ ఇరుక్కుంటే రేణువే నలిగిపోతుంది. నాలాగా ఒక గీత చూశాక ఈ ఒక్క తేడాకే డబ్బు పెట్టబుద్ధవుతుంది. మీ తొట్టి గాజుది కాబట్టి ఈ లెక్క. యాక్రిలిక్ తొట్టి అయితే అరగోనైట్ కూడా గీతలు పెడుతుంది.

అరగోనైట్ అంటే పగడాలు తమ అస్థిపంజరం కట్టుకునే కాల్షియం కార్బనేట్ రూపం. షాపుల్లో దొరికే సన్న తెల్ల ఇసుకలో బహమాస్ నుంచి వచ్చేది పేరున్నది. అక్కడి లోతులేని వెచ్చటి నీళ్లలో చిన్న గవ్వ ముక్క చుట్టూ కాల్షియం పొరలు పొరలుగా పేరుకుని గుండ్రటి రేణువులవుతాయి. హోటల్లో బిల్లుతో పాటు ఇచ్చే చక్కెర సోంపు ఎలా తయారవుతుందో అలాగే. బిస్కెట్ ముక్కల్లాంటి ముతక రకాల్లో పగడాల, గవ్వల తునకలుంటాయి. మాల్దీవుల ఫొటోల్లో మనం ముచ్చటపడే తెల్ల ఇసుకలో చాలా భాగం చిలుక చేపలు పగడపు రాళ్లు గీకి తిని, కడుపులో నూరి, వెనక నుంచి వదిలిందే. హనీమూన్‌కి వెళ్లేవాళ్లకి చెప్పకండి.

ఇక్కడ షాపువాళ్లు చెప్పే ఇంకో మాటను కూడా సగమే నమ్మండి. "ఈ ఇసుక వేస్తే పీహెచ్ దానంతటదే నిలబడుతుంది, కాల్షియం వేయక్కర్లేదు" అంటారు. రీఫ్ ట్యాంకు నీళ్లలో పీహెచ్ 8.1, 8.2 దగ్గర ఉన్నప్పుడు అరగోనైట్ కరగదు. తీగపాకం వచ్చాక గిన్నెలో ఇంకో చెంచా పంచదార వేస్తే అడుగున అలాగే ఉండిపోతుంది చూడండి, అలా. ఆ నీళ్లలో అప్పటికే పట్టగలిగినదానికంటే ఎక్కువ కాల్షియం కార్బనేట్ ఉంటుంది. ఇసుక అడుగు పొరల్లో పీహెచ్ పడిపోయిన చోట కొద్దిగా కరుగుతుందేమో, అది పగడాలకు సరిపోదు. కాబట్టి ఆల్కలినిటీ (నీళ్లలో కార్బనేట్ల మోతాదు), కాల్షియం కొలుచుకోవడం, తగ్గితే వేయడం మీ పనే. మెత్తటి పగడాలకు అది కూడా పెద్ద పనేమీ కాదు, నీళ్లు మార్చుకుంటూ పోతే చాలావరకు సరిపోతుంది.

అరగోనైట్‌లో సైజు చూసి కొనండి. ధర తర్వాత ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పంచదార కంటే సన్నది అందంగా ఉంటుంది గానీ నీళ్లు కదిలించే వేవ్‌మేకర్ పెట్టగానే మూలల్లో గుట్టలు పడుతుంది, పగడాల మీద దుమ్ములా వాలుతుంది. మెత్తటి పగడాలు ఆ దుమ్ము దులుపుకోలేక ముడుచుకుపోతాయి. శనగగింజంత కోరల్ చిప్స్ అయితే ఎగరవు. కానీ గింజల మధ్య ఖాళీల్లోకి మేత దిగిపోతుంది, అక్కడికి నత్త కూడా చేరలేదు. మీకు కావలసింది ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల రకం. బొంబాయి రవ్వకీ ఆవాలకీ మధ్య అనుకోండి. షాపుకి వెళ్లేటప్పుడు చిటికెడు ఆవాలు పొట్లం కట్టుకుని వెళ్లండి, పక్కన పెట్టి చూడొచ్చు. నేను అలాగే చేస్తాను, షాపు కుర్రాళ్లు నవ్వుకుంటారు.

లూజుగా అమ్మే 'కోరల్ సాండ్' విషయంలో కాస్త ఆగండి. మన దేశంలో గట్టి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పులికున్నంత రక్షణ. చచ్చిన పగడం ముక్క అయినా సరే, మన్నార్ సింధుశాఖ నుంచో అండమాన్ నుంచో ఏరుకొచ్చి అమ్మడం నేరం. పేరూ ఊరూ లేని సంచిలో వేళ్లంత పగడపు కొమ్మలు, పిల్లనగ్రోవుల కట్టలా పక్కపక్కన అతుక్కున్న ఎర్రటి గొట్టాల ముక్కలు కనిపిస్తే అది తీరంలో ఏరిన సరుకే అయి ఉండొచ్చు. ఆ ఎర్ర గొట్టాలు ఆర్గన్ పైప్ పగడానివి, అదీ అదే షెడ్యూల్‌లో ఉంది. చవకగా వచ్చినా తీసుకోకండి. కంపెనీ సీలు, దిగుమతి చేసుకున్నవాళ్ల వివరాలు ఉన్న పొడి అరగోనైట్ బ్యాగు అడగండి. లైవ్ రకం కంటే ధర బాగా తగ్గుతుంది. వైజాగ్‌లో లేకపోతే హైదరాబాద్, చెన్నై షాపుల్లో కూడా కనుక్కోండి. పార్సిల్ ఖర్చు బరువుని బట్టి ఉంటుంది కాబట్టి అక్కడి ధరకు అది కలిపి చూసుకోండి, లేకపోతే చవక కాస్తా లారీ బాడుగలో పోతుంది. షాపులో 'తెల్ల చిప్స్' అని చూపించేవి చాలావరకు పాలరాతి ముక్కలు. అవీ వెనిగర్‌లో పొంగుతాయి, కానీ అంచులు గాజు పెంకుల్లా ఉంటాయి. కొన్ని ముగ్గుపిండులు కూడా పొంగుతాయి, అంతమాత్రాన ట్యాంకులో ముగ్గేస్తామా!

ట్యాంకు ఎత్తేస్తున్నవాళ్ల దగ్గర పాత ఇసుక దొరుకుతుంది. అడగండి గానీ ఒక్క ప్రశ్నకి జవాబు వచ్చాకే తెచ్చుకోండి: ఆ ట్యాంకులో ఎప్పుడైనా రాగి మందు వాడారా? చేపలకు తెల్ల మచ్చల జబ్బు వస్తే వాడే మందు అది. కాల్షియం ఇసుక రాగిని పట్టి ఉంచుకుని తర్వాత నెమ్మదిగా వదులుతుంది. ఫాస్ఫేట్‌ని కూడా అలాగే పట్టుకుంటుంది. రాగి వాడలేదని వాళ్లు గట్టిగా చెప్తే, వాసన, మురికి పోయేదాకా కడిగి వాడుకోవచ్చు. కొంచెం తడబడినా వదిలేయండి.

ఇప్పుడు మీ పసుపు రాస్ సంగతి. కెనరీ రాస్ అనే చేప అయితే అది రాత్రి ఇసుకలో పడుకుంటుంది, భయపడినా ఇసుకలోకే దూకుతుంది. దానికి రెండంగుళాల సన్న ఇసుక ఉండాలి. అంగుళం ఇసుకలో ముక్కు గుచ్చుకుని అద్దానికి తగులుతుంది పాపం. అందుకని ట్యాంకు అంతా రెండంగుళాలు పోయక్కర్లేదు. కిలో పెరుగు డబ్బా లాంటి వెడల్పైన ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్ డబ్బా ఒకటి రెండున్నర అంగుళాల ఎత్తుకి కోసి, అంచు నునుపు చేసి, రాళ్ల వెనక పెట్టి అందులో మాత్రం సన్న ఇసుక నింపండి. కిలో, కిలోన్నర సరిపోతుంది. మొదటి రెండు రోజులు ఎక్కడెక్కడో దూరుతుంది, తర్వాత ఆ డబ్బా దాని పడకగది అయిపోతుంది. ట్యాంకు మీద వల మూత తప్పనిసరి, ఈ చేపలు నేల మీద దొరుకుతుంటాయి. క్లౌన్లకు ఇసుకతో పనే లేదు. నిజానికి మీరు రాస్ ఆలోచన మానుకుంటే ఇసుకే లేకుండా ఉత్త అద్దం మీద కూడా రీఫ్ నడుస్తుంది, గట్టి పగడాలు పెంచేవాళ్లు చాలామంది అలాగే పెడతారు. చూడ్డానికి కల్యాణమండపం నేల మీద బొకేలు పెట్టినట్టుంటుందని నాకు నచ్చదు, అది నా ఇష్టం.

ఇసుక వచ్చాక తొందరపడకండి. ముందు రాళ్లు పెట్టండి, అడుగు అద్దం మీద నేరుగా, ఊపితే కదలకుండా. ఇసుక పోసి దాని మీద రాళ్లు పేరిస్తే ఏదో ఒక రోజు గోబీ చేపో పిస్టల్ రొయ్యో కింద సొరంగం తవ్వుతుంది. రాయి జారుతుంది. అర్ధరాత్రి 'ఠక్' అన్న శబ్దం విని లేచి కూర్చున్నవాళ్లని అడగండి చెప్తారు.

పొడి ఇసుక కడిగేటప్పుడు బకెట్‌లో మూడో వంతే వేయండి. పైపు అడుగు దాకా దించి, చెయ్యి పెట్టి కలుపుతూ నీళ్లు పొంగనివ్వండి. మొదట పాలలా వస్తుంది, పదోసారికి పలచటి మజ్జిగలా అవుతుంది. అక్కడ ఆపొచ్చు, గాజులా తేటపడేదాకా కడిగితే రాత్రి అవుతుంది. ఆ తెల్ల నీళ్లు సింకులో పోయకండి, పైపులో పేరుకుంటుంది. చివరి కడుగు మాత్రం ఆర్‌వో డీఐ నీళ్లతో. తర్వాత గ్లాసుతో తీసి రాళ్ల చుట్టూ పోయండి. ఇసుక మీద అన్నం పళ్లెం ఒకటి బోర్లా పెట్టి, ముందే ఉప్పు కలిపి పెట్టుకున్న నీళ్లు ఆ పళ్లెం మీద పడేలా సన్నగా పోయండి. రాళ్లూ ఇసుకా పోగా మీ ట్యాంకులో నూట అరవై లీటర్ల దాకా నీళ్లు పడతాయి, ఉప్పు ఆరు కిలోలు. ఇంత చేసినా మొదటి రోజు ట్యాంకు పొగమంచు పట్టిన అరకులా ఉంటుంది. ఫోన్ చేసి షాపువాణ్ణి తిట్టకండి, రెండో రోజుకి తేలిపోతుంది. రెండు రోజులు దాటినా తేలకపోతే వేవ్‌మేకర్ నేరుగా ఇసుక మీదికి తిరిగి ఉందేమో చూడండి.

అంటే మొత్తంగా ఒకటి, రెండు మిల్లీమీటర్ల పొడి అరగోనైట్ పది కిలోల బ్యాగులు రెండు, రాస్ డబ్బా కోసం సన్నది కిలోన్నర. అదీ మీ బడ్జెట్ మించిపోతే గిల్టీగా ఫీలవకుండా ఫిల్టర్ సిలికా వేయండి, 16 బై 30 గ్రేడ్ అని అడగండి. అద్దం తుడిచేటప్పుడు కింది రెండంగుళాలు స్క్రబ్బర్‌కి బదులు పాత ఏటీఎం కార్డుతో గీకండి. మిగిలిన డబ్బుతో డీఐ కాట్రిడ్జ్ ఒకటి అదనంగా కొని పెట్టుకోండి, వేసవిలో నీళ్లు ఎక్కువ ఆవిరవుతాయి.

బాల్కనీలో బకెట్లు మొక్కలకు కూడా వేయకండి, ఉప్పుకి మాడిపోతాయి. ఒక సాయంత్రం చల్లబడ్డాక తెచ్చిన చోటికే తీసుకెళ్లి పోసి రండి. ఒక బకెట్ బావమరిదిని మోయమనండి. మురీ మిక్చర్ డబ్బులు కూడా ఆయన్నే ఇవ్వమనండి.